ఏడున్నర బొమ్మలు

శివనాథ్ నది పొంగి మూడు రోజులు రైళ్లు ఆగిపోయిన ఏడాది, మా అబ్బాయి ఉమేష్ వైశాలి నగర్‌లో కొత్తింటి గృహప్రవేశం చేశాడు. మా ఆవిడ అచ్చమ్మకు అన్న, నాకు బావ అయిన గురునాథరావు విజయనగరం నుంచి రాలేదు. వరద పుణ్యమా అని, రైలు లేక రాలేదని చెప్పుకోవడానికి ఆయనకూ మాకూ వీలు చిక్కింది. అసలు సంగతి వేరు. తొమ్మిదేళ్ల కిందట మా అమ్మాయి పెళ్లి భోజనాల్లో ఆయన్ని రెండో బంతిలో కూర్చోబెట్టారు. ఆకు ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి అన్నా చెల్లీ ఫోన్లు చేసుకోరు. ముందు చేసినవాళ్లు ఓడినట్టట.

గృహప్రవేశం రోజు నేను నా ఫోనుతో వీడియో తీస్తుంటే అచ్చమ్మ అందులోకి చూసి, "అన్నియ్యా, కార్తీకానికైనా రా. మొదటి బంతిలో నీకే ఆకు ఏత్తాను" అంది. అది ఫోను చేసినట్టు కాదు కదా. ఆ మాట అన్నకు చేరాలని రోజూ కొడుకు వెంటపడింది.

ఉమేష్ ఆ రోజు తీసిన వీడియో ముక్కలన్నీ కంప్యూటర్లో అతికించి నలభై నిమిషాల సినిమా చేశాడు. అందులో కారు నాలుగుసార్లు వస్తుంది. కొత్త వంటిల్లు ఆరుసార్లు. అచ్చమ్మ ఒక్కసారే వస్తుంది. సరిగ్గా అక్కడే బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది, గొంతు బావిలోంచి మూలిగినట్టు వస్తుంది.

మెమరీ చాలదని కంప్యూటర్ల దుకాణం రవికాంత్ చెప్పాడు. కొత్తది వేశారు. బొమ్మ మళ్లీ ఆగింది. వేడెక్కుతోందని కింద ఫ్యాను పెట్టారు. చల్లగా ఆగింది. టీవీలో పెట్టారు. పెద్దగా ఆగింది. ఆఖరికి నా ఫోను మంచిది కాదని తేల్చారు.

నేను ఉక్కు ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్లు కన్వేయర్ బెల్టు దగ్గర పనిచేశాను. బెల్టు ఒకే చోట పట్టేస్తుంటే మోటారు మార్చరు. ఆ చోటు చూస్తారు.

"కారు కాడ ఆగదేటి?" అని అడిగాను.

"అది నార్మల్ స్పీడ్ నాన్నా. అమ్మది స్లో మోషన్. నాలుగో వంతు. ఎమోషన్ కోసం."

"నా ఫోను సెకనుకి ఎన్ని బొమ్మలు తీత్తాది?"

"ముప్ఫై."

మూడో తరగతి దాకా చదివాను కాబట్టి భాగహారం వచ్చు. సెకనుకి ఏడున్నర బొమ్మలు. గరిటెడు పిండిలో నీళ్లు కలిపి నాలుగు అట్లు పోస్తే చిల్లులు పడక ఏమవుతాయి? మామూలు వేగంలో పెట్టమన్నాను. పెట్టాడు. అచ్చమ్మ గలగలా మాట్లాడింది, ఒక్కచోటా ఆగలేదు.

ఉమేష్ ముఖం చిన్నబోయింది.

"ఆరు సెకన్లలో అయిపోతే ఫీల్ ఏటుంటాది? రహనే దో నాన్నా, వదిలెయ్యండి, ఎడిటింగ్ మీకు తెలీదు."

మళ్లీ నాలుగో వంతుకి తిప్పాడు. ఇంజనీరింగ్ చదివినవాడు. మర్నాడు సాయంత్రం చుట్టాలందరికీ పంపేస్తానన్నాడు. ఆ మూలుగు వింటే చెల్లెలు పిలుస్తోందనుకుంటాడో, వెక్కిరిస్తోందనుకుంటాడో గురునాథరావు. అచ్చమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే, కారూ వంటిల్లూ లేని అసలు ముక్కని నా ఫోనులోంచి గురునాథరావుకి పంపాను. కాసేపటికి అచ్చమ్మ ఫోను మోగింది. విజయనగరం నుంచి. నేను పాల క్యాను పట్టుకుని బయటికి వెళ్లిపోయాను.