మిగిల్చిన పన్నెండు పంక్తులు

పస్కా పండుగ ముందురోజు పొద్దున్నే అమ్రాంకి మొదట కోపం తెప్పించింది కాఫీ యంత్రం. మీట నొక్కితే ముక్కుతుంది, మూలుగుతుంది, చివరికి అరకప్పు గోరువెచ్చని నీళ్ళు ఉమ్ముతుంది. ఆర్నెల్లుగా ఇదే తంతు. ఆర్నెల్లుగా చేతికి హోటలువాళ్ళ నీలం పట్టీ, ఎవరో పరిచిన పక్క, ఎవరో వండిన తిండి, లిఫ్టులో ఆగని సంగీతం. సరిహద్దు పక్కన యాపిల్ తోట ఉన్న మనిషిని యుద్ధం పేరు చెప్పి తెచ్చి, తిబెరియ సరస్సు ఒడ్డున హోటల్లో మూడో అంతస్తులో పడేసి, దాన్ని ఆతిథ్యమని ప్రభుత్వం అనుకోవచ్చు. అమ్రాం దాన్ని ఏమనేవాడో ఇక్కడ రాయడానికి వీల్లేదు.

రెండో కోపం ప్రోస్పెర్ తెచ్చాడు. ఊళ్ళో ఉన్నప్పుడు బస్సు నడిపేవాడు, షుగరు మనిషి. వెనకాల ఇంకో ఆరుగురు. అందరూ తల్లులకు తొలిచూలు కొడుకులే.

"రబ్బీ రావట్లేదు అమ్రాం. సైన్యంలో సెలవు రద్దు చేశారట, ఇప్పుడే ఫోను చేశాడు."

పస్కా ముందురోజు తొలిచూలు మగవాళ్ళు పస్తుండాలి. తప్పించుకునే దారి ఒక్కటే. ఆ పొద్దున ఎవరైనా శాస్త్రంలో ఒక సంపుటం చదివి ముగిస్తే అది వేడుక, వేడుకలో కూర్చున్నవాడు తినవచ్చు. అందుకే ఏటా ఎవరో ఒకరు కొసన నాలుగు ముక్కలు అట్టేపెట్టుకుని ఆ రోజు ముగిస్తారు. ఈసారి ఆ పని ఊరి కుర్ర మతగురువు, రబ్బీ ఎల్నతాన్‌ది. ఆయనేమో యూనిఫారం వేసుకుని ఏ ట్యాంకు పక్కన ఉన్నాడో.

"అయితే పస్తుండండి," అన్నాడు అమ్రాం.

"నీకేం, మూడో కొడుకువి, ఎన్నయినా చెబుతావు. నీ దగ్గర పన్నెండు పంక్తులు మిగిలున్నాయి కదయ్యా?"

ఆ పన్నెండు పంక్తుల సంగతి హోటలంతా ఎరుగును. అమ్రాం, కోళ్ళఫారం యిహ్యా ముప్ఫై ఏళ్ళుగా జంటగా చదువుకుంటున్నారు. ఒకడు ఔనంటే రెండోవాడు కాదనాలి, అదే వాళ్ళ చదువు. పోయిన పర్ణశాలల పండుగకి ఆ పండుగ నియమాల సంపుటమే పట్టారు. ఆఖరి రోజు సాయంత్రం ఊరి ప్రార్థనామందిరంలో, తమ బల్ల దగ్గర, సోంపు సారా సీసా పెట్టుకుని ముగిద్దామని చివరి పన్నెండు పంక్తులు దాచుకున్నారు. ఆ రోజు పొద్దున్నే యుద్ధం వచ్చిపడింది. తర్వాత ఊరు ఖాళీ చేయించే బస్సులొచ్చాయి. యిహ్యా మాత్రం కోళ్ళనొదిలి రానన్నాడు. ఊరి కాపలా దళంతో అక్కడే ఉండిపోయాడు.

బస్సెక్కుతూ అమ్రాం ఒట్టు పెట్టుకున్నాడు. ఆ పన్నెండు పంక్తులు మన బల్ల దగ్గరే ముగిస్తాను, ఇంకెక్కడా ముట్టను అని. అవి ముగించకుండా ఉన్నంతకాలం ఇంటికి వెళ్ళే పని ఒకటి బాకీ ఉన్నట్టే అతనికి. ముగిస్తే ఇంకేం మిగులుతుంది, ఈ కాఫీ యంత్రం తప్ప?

"ఒట్టు పెట్టుకున్నాను," అన్నాడు.

"శాస్త్రం ప్రకారం ఒట్టు తీసెయ్యడానికి ముగ్గురు చాలు. ఏడుగురం ఉన్నాం."

"వెళ్ళి ఫోన్లో ఎవడైనా ముగిస్తుంటే చూసుకోండి!"

"ఫోన్లో చూస్తే చెల్లదని పోయినేడు గొంతు చించుకున్నది ఎవరు? నువ్వే!"

ఈ మాటకి అందరూ నవ్వారు. అమ్రాంకి ఒళ్ళు మండింది. అతని భార్య జొహారా నవ్వలేదు.

"ఏమయ్యా, ప్రోస్పెర్ సాయంత్రం దాకా పస్తుంటే పడిపోతాడు. చదివెయ్యరాదూ?"

"నువ్వు కూడానా! ఉండు, యిహ్యానే అడుగుతాను. వాడూ తొలిచూలు కొడుకే. వాడు ఒప్పుకుంటాడేమో చూద్దాం."

యిహ్యా ఒప్పుకోడని అతనికి గట్టి నమ్మకం. అందరూ వినేలా స్పీకర్ పెట్టి మరీ ఫోను చేశాడు. అవతల కోళ్ళ గోల.

"ఒరేయ్ యిహ్యా, వీళ్ళు మన పన్నెండు పంక్తులు ఇక్కడ ముగించమంటున్నారు. హోటల్లో! కాస్త బుద్ధి చెప్పు."

"ముగించెయ్."

"ఏంటీ? మన బల్ల దగ్గర అనుకున్నాం కదరా!"

కోళ్ళ గోల కాస్త దూరమైంది, యిహ్యా షెడ్డు బయటికి వచ్చినట్టున్నాడు.

"బల్ల లేదు అమ్రాం. మూడు వారాలైంది. గుండు మందిరం పైకప్పు మీదే పడింది. ధర్మశాస్త్రం రాసిన తోలు చుట్టల్ని అంతకుముందే తరలించాం, దేవుడి దయ. మిగతాది..." యిహ్యా దగ్గాడు. "బల్ల మీది నా సంపుటం దొరికింది. సగం కాలింది. ఆ చివరి పేజీయే లేదు."

అమ్రాం జొహారా వంక చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. ప్రోస్పెర్‌ వంక చూశాడు. అతను చేతిలోని కాగితం పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పాడు. అంటే హోటలంతటికీ తెలుసు. వంటవాళ్ళకీ, లిఫ్టుకీ, అందరికీ తెలుసు. తనొక్కడే మూడు వారాలుగా లేని బల్ల కోసం వెర్రివాడిలా ఒట్టు కాపాడుకుంటున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? అక్కడి నుంచి అరుస్తావు, అంతేగా," అన్నాడు యిహ్యా. "ఇలా చూడు. నా దగ్గర పేజీ లేదు. నీ ప్రతి నువ్వు పట్టుకెళ్ళావు. నువ్వు చదివితేనే నాకు దిక్కు. బిస్కట్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సైరన్ కొట్టేలోపు కానివ్వు."

ప్రోస్పెర్, మరో ఇద్దరు నిలబడి, ఒట్టు తీసిపోయిందని మూడుసార్లు చెప్పారు. హోటలు భోజనాలగది అప్పటికే పులిసిన పిండి తగలకూడని పస్కాకి కడిగేశారు కాబట్టి కేకు లాంటి తిండంతా బయట పచ్చిక మీదే. అక్కడ ప్లాస్టిక్ గుడ్డ వేసిన బల్ల ముందు అమ్రాం కూర్చున్నాడు. ఫోను జామ్ సీసాకి ఆనించాడు.

"ఫోన్లో చెల్లదన్నావుగా?" అన్నాడు ప్రోస్పెర్ మెల్లగా.

"మీకు చెల్లదు. వాడు నాతో చదివినవాడు, వాడికి చెల్లుతుంది. నోర్మూసుకుని విను."

చదివాడు. ఆ పంక్తుల్లో ఒక ఆడమనిషి ఉంది. పూజారుల ఇంటి ఆడపిల్ల, మతం వదిలి శత్రువుల సైనికుణ్ణి చేసుకుంది. శత్రువులు దేవాలయంలో జొరబడిన రోజున ఆమె వచ్చి బలిపీఠాన్ని చెప్పుతో కొట్టింది. ఇన్నాళ్ళూ జనం సొమ్ము మింగావు, ఆపదలో ఒక్కసారైనా అడ్డం నిలబడ్డావా అని నిలదీసింది. అందుకు పెద్దలు ఆమె వంశం మొత్తానికీ శిక్ష వేశారు. పెద్దలదే న్యాయమని అమ్రాం ఎప్పుడూ వాదించేవాడు. ఆమెదే న్యాయమని యిహ్యా.

అమ్రాం అక్కడ చదవడం ఆపాడు.

"ఆమె చేసిందాంట్లో తప్పేం లేదు," అన్నాడు. "నేనైనా చెప్పు తీసేవాణ్ణే. నలభై ఏళ్ళు ఆ మందిరం తలుపు నేను తెరిచాను. ఒక్క శుక్రవారం మానలేదు. ఒక్క కప్పు కాపాడటం చేతకాలేదా పైవాడికి?"

ప్రోస్పెర్ కేకు కత్తి కింద పెట్టాడు.

"ఒరేయ్!" యిహ్యా అరిచాడు. "ఆమె పక్షం నాది! ముప్ఫై ఏళ్ళుగా నాది! నువ్వూ ఇటొచ్చేస్తే అటు ఎవడుంటాడు? నేను కోళ్ళతో పోట్లాడాలా ఇక్కడ? మర్యాదగా నీ చోటికి నువ్వు పో."

"నావల్ల కాదురా."

"అవుతుంది. వాదించు."

అమ్రాం మొహం తుడుచుకున్నాడు. పేజీ వంక అసహ్యంగా చూశాడు. మళ్ళీ చూశాడు.

"సరే. పెద్దలు ఆమె వంశాన్ని శిక్షించారు. కానీ ఆమె మాట చెరిపెయ్యలేదు. అన్నది అన్నట్టు రాసి, చివరి పేజీలో పెట్టారు. ఇది చదవకుండా ఎవడూ ఈ సంపుటం ముగించలేడు. అంత కోపాన్నీ భద్రంగా నిలిపి ఉంచినవాళ్ళు అన్యాయస్థులెలా అవుతార్రా?"

"ఆమె మాట చెరపలేదన్నది నా వాదన, దొంగ వెధవా!"

"ఇప్పుడు నాది."

మిగిలిన రెండు పంక్తులూ చదివాడు. ముగించినవాడు ఆ సంపుటంతో చెప్పాల్సిన మాట ఒకటుంటుంది, మళ్ళీ నీ దగ్గరికి వస్తాం అని. మూడుసార్లు చెప్పాలి. అమ్రాం పళ్ళు బిగబట్టి చెప్పాడు, బెదిరిస్తున్నట్టే చెప్పాడు. ప్రోస్పెర్ కేకు కోశాడు. ఫోన్లో బిస్కట్ విరిగిన చప్పుడైంది.

జొహారా కేకు ముక్క తెచ్చిపెట్టింది. అమ్రాం దాన్ని ముట్టుకోకుండా ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"బల్ల అసలేం మిగల్లేదా?"

"ఒక కాలు మిగిలింది," అన్నాడు యిహ్యా నోటి నిండా బిస్కట్‌తో. "నీ వైపుదే. కోళ్ళ షెడ్డులో పెట్టాను."

"పారెయ్యకు," అన్నాడు అమ్రాం. "కొలత కావాలి."