రంగుల కోటకు నిప్పు

నేను ఒక చిత్రశాలను. ఇటుకా సిమెంటూ ఎరగను. దళసరి అట్ట మీద, నీళ్లలో కలిపే పోస్టర్ రంగులతో పుట్టాను. హైదరాబాదులోని ఒక కార్టూన్ల స్టూడియోలో వకుళ నన్ను గీసింది. పిల్లల సీరియల్లో నా పేరు రంగుల కోట. నాకు కావలివాడు ముంగిస మామ. అతన్నీ, అతను తరిమే దొంగనక్కల్నీ వేరే పారదర్శక కాగితాల మీద గీసి, నా మీద పరిచి, కెమెరాతో తీసేవారు.

"గోడల మీద ఏవో నాలుగు బొమ్మలుంటే చాలు" అన్నాడు దర్శకుడు ఫణీంద్ర. వకుళ మాత్రం ఏ ప్రదర్శనకూ ఎవరూ తీసుకోని తన చిత్రాలన్నిటినీ నా గోడల మీద చిన్నచిన్నగా వేసుకుంది. మూలనున్న చట్రంలో వాళ్ల అక్క సౌదామిని. కామెర్లతో పోయిన మనిషి. బతికున్నన్నాళ్లూ ఫోటో అంటే ముఖం చాటేసేది. ఆమె రూపం ఇంకెక్కడా లేదు. జడ అల్లుకుంటూ, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు గీసింది.

పిల్లలంతా ముంగిసను చూశారు. నన్ను చూసింది ఒక్కరే. కాకినాడ నుంచి వకుళ తల్లి స్టూడియోకి ఫోన్ చేసింది.

"ఆ ముంగిస అడ్డమొచ్చేసింది గానీ, అక్క కనపడిందే! నన్నే చూసింది."

ఆవిడకు అప్పటికే మతి నిలకడ తప్పుతోంది. ప్రతి ఆదివారం తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని టీవీ ముందు కూర్చునేదట.

సీరియల్ చూసేవాళ్లు తగ్గిపోయారు. చివరి భాగంలో నన్ను తగలబెట్టాలని ఫణీంద్ర తేల్చాడు.

"మంటల బొమ్మ వేరే అట్ట మీద గీస్తానండి. కాస్త టైమివ్వండి" అని వకుళ బతిమాలింది.

"రేపే షూటింగండీ. దీని మీదే వేసెయ్యండి. మీ వల్ల కాకపోతే ఇంకొకరిచేత వేయిస్తాను."

అక్క ముఖం మీద ఇంకొకరి చెయ్యి పడటం ఆమె ఓర్చుకోలేకపోయింది. కుంచె తనే తీసుకుంది. నా గోడలన్నిటికీ రంగులతో నిప్పంటించుకుంటూ వచ్చి ఆ మూల దగ్గర ఆగిపోయింది.

ఫణీంద్ర వంగి చూశాడు. "అదొక్కటీ వదిలేశారేం? నిప్పు అడిగి కాలుస్తుందా?" అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు, అతనికి తెలియదు. వకుళ నల్లరంగులో కుంచె ముంచింది.

ఆ భాగం టీవీలో వచ్చిన మర్నాడు ఫోన్ మోగింది.

"అక్క బయటికొచ్చేసిందా, వకుళా? అంతా పొగే."

"వచ్చేసిందమ్మా."

"మరి ఇంకా ఇంటికి రాలేదే?"

వకుళ ఫోన్ పెట్టేసి నన్ను బల్ల మీద పరిచింది. తడిగుడ్డతో ఆ మూల మెల్లగా అద్దింది, తుడిచింది. నలుపు వచ్చింది. నలుపుతోపాటు జడా, చెంపా, కళ్లూ వచ్చేశాయి. కింద తెల్లటి అట్ట మిగిలింది. ఆ గుడ్డను పిండలేక, పారెయ్యలేక, చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

నన్ను చిత్తు అట్టల కట్టలో కట్టారు. వకుళ ఇప్పుడు ఇంకో సీరియల్‌కి ఒక ఊరు గీస్తోంది. చాలా ఇళ్లున్నాయి అందులో. ఏ ఇంటి గోడ మీదా బొమ్మ లేదు.