రద్దుకు కారణం

ఆదివారం వచ్చిందంటే ఇంట్లో అందరి పాస్‌వర్డ్‌లూ ఆమె పనే. మామగారికి మందుల షాపు యాప్ తెరుచుకోదు. అత్తగారి ఫోటోలు ఎక్కడికో పోతాయి. ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మళ్లీ లాకైపోయింది" అంటుంది. ఒక కన్ను పొయ్యి మీది పాల మీద ఉంచి అన్నీ సరిచేస్తుంది. "మా కోడలు కంప్యూటర్లు బాగుచేస్తుంది" అని అత్తగారు వచ్చినవాళ్లకు చెబుతుంటారు. రహస్య సమాచారాన్ని కాపాడే సంకేతాలు ఎక్కడ విరుగుతాయో కనిపెట్టడం తన ఉద్యోగమని పదహారేళ్లు చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టి, ఆమె ఊరుకుంది.

ఆ ఆదివారం మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. ఆస్పత్రుల్లో రోగుల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్‌లో రెండు లోపాలు పట్టుకుని, సరిచేసుకోమని ఆ కంపెనీకి తొంభై రోజుల గడువిచ్చింది. రేపటితో గడువు తీరుతుంది, ఆమె నివేదిక బయటికొస్తుంది. ఆ కంపెనీలో అమ్మకాల మేనేజరు ఆమె భర్తే. "నీ పేరు కోసం నా ఉద్యోగానికి ఎసరు పెడతావా?" అని మూడు నెలలుగా అన్నం దగ్గర కూడా అదే పాట. లోపం ఎవరిదో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

కంపెనీ జవాబు ఉదయమే వచ్చింది. "మీరు చెప్పిన మూడో లోపం అంత ప్రమాదకరం కాదు" అని అందులో మూడో పేరాలో ఉంది. ఆమె మళ్లీ చదివింది. పంపినవి రెండే. మూడోది శుక్రవారం దొరికింది, తాళం వేసిన తన ఫైల్లోనే ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఆమె ఆ మూడో పేరా దగ్గరే పట్టేసింది.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు ఆమె చెప్పే మొదటి మాట, ఫైళ్ల తాళం తీసే కంప్యూటర్ కీ ఎవరికీ ఇవ్వొద్దని. తానేమో పెళ్లయిన కొత్తలో, "మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలేంటి?" అని ఆయన నవ్వితే, తనూ నవ్వి తన కీ పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చింది. ఆయన ఫోన్ లాక్ నంబరు ఏమిటో ఆమెకు ఈరోజుకీ తెలియదు. తన తెలివితక్కువతనానికి ఒళ్లు మండింది.

అడిగితే ఆయన తలెత్తకుండా గోళ్లు తీసుకుంటూనే, అవును చూశానన్నాడు. ముందే తెలిస్తే ఆఫీసులో పరువు దక్కుతుందనుకున్నాడట. అంతా ఆమె మంచికేనట.

ఆమె నివేదికలన్నిటి మీదా ఆ కీతో వేసిన డిజిటల్ సంతకమే ఉంటుంది. దాన్ని చూసే ఎక్కడెక్కడివాళ్లో ఆమె మాట నమ్ముతారు. ఇంకొకరు ముట్టుకున్న కీని రద్దు చేసి అందరికీ చెప్పడం ఆ వృత్తిలో మర్యాద. ఆమె కొత్త కీ తయారుచేసి, మూడు లోపాలతోనూ నివేదిక మీద దానితోనే సంతకం పెట్టింది. ఇక పాతది మిగిలింది. రద్దుకు కారణం అడిగే జాబితా తెరుచుకుంది. పాతబడిందని పెడితే ఎవరూ ఏమీ అడగరు. వేలు అక్కడే ఆగిపోయింది.

ఆయన వెనక నుంచి వచ్చి తెర చూశాడు. "పాతబడిందని పెట్టు. నలుగురూ ఏమనుకుంటారు?"

ఆమె దాని కింది గడి ఎంచుకుంది: పరాయివాళ్ల చేతికి చిక్కింది.

"పరాయివాళ్లెవరు?" అన్నాడు ఆయన.

"మీరే" అని, ఆమె పంపేసింది.