మంగళారం గోలి

తెల్లారకముందే ఇస్నాపూర్ కిరాయి అర్రల ముందుకు గోలీల కంపెనీ బస్సు వచ్చి హారన్ కొడుతుంది. ఆలోపు కౌసల్య నల్లా నీళ్లు పట్టాలి, అన్నం వండి డబ్బా కట్టాలి, తల్లి ఎంత తగ్గిందో చూసుకోవాలి.

సత్తెమ్మ తగ్గిపోతూ ఉన్నది. బొక్కలు గుల్లబారినకొద్దీ మనిషి కుదించుకుపోతున్నది. ముందు దండెం అందలేదు, తర్వాత పొయ్యిగట్టు అందలేదు. ఎండాకాలం వచ్చేసరికి బియ్యం డబ్బా వెనక నిలబడితే కనిపించడం మానేసింది. వాడకట్టులో ఎవరూ వింతపడలేదు. పక్క అర్ర బీరమ్మ మాత్రం మనవరాలి పాత గౌను తెచ్చిచ్చి, "నీ చీరలు ఇగ నాకియ్యరాదె అక్కా" అన్నది.

"నేను సచ్చినంక తీస్కో. అప్పటిదాక వాటి మీద కండ్లు పెట్టకు."

మనిషి తగ్గింది గాని నోరు తగ్గలేదు.

పటాన్‌చెరు దవఖానలో డాక్టరమ్మ వారానికొక్క గోలి రాసింది. "మంగళారం పొద్దుగాల, పరిగడుపున, గ్లాసెడు నీళ్లతోని వెయ్యి. వేసినంక అరగంట నిటారుగ కూసోబెట్టు. పండితే గొంతు కాలుతది. గోలి తప్పితే ఇంకా తగ్గుతది. గింజంత అయినంక తెస్తే నేనేం జెయ్యలేను." కౌసల్య చేతిలోని పాత ఫోను తీసుకుని తానే అలారం పెట్టింది. "ఇగ పరేషాన్ గాకు. ఇదే యాది చేస్తది."

ఫోను తన పని తాను చేసింది. కౌసల్య దాన్ని తల్లి పక్కన పెట్టి డ్యూటీకి పోయేది. మోగగానే సత్తెమ్మ రెండు చేతులతో లేపి, పచ్చ మీట నొక్కి, "హలో, ఎవరు బిడ్డా?" అనేది. అవతల ఎవరూ పలికేవారు కాదు. "మాట్లాడ శాతగానోనికి ఫోనెందుకురా!" అని తిట్టి, చాయ్ తాగి పండుకునేది. ఒక వారం గోలి యాదికొచ్చింది. చాయ్‌తోనే మింగి పండుకున్నది. గుండెలో మంట లేచి మెతుకు దిగలేదు.

వంగిన నడుముతో ఎవరైనా పట్టుకుంటే తప్ప ఆమె నిటారుగా కూర్చోలేకపోయేది. పట్టుకోవడానికి కౌసల్య ఆగితే బస్సు ఆగదు. అలా ఆగి అప్పటికే రెండు మంగళవారాలు నాగా అయ్యాయి. "ఇంకోసారి మానేస్తే ఇక రానక్కర్లేదమ్మా" అన్నాడు సూపర్‌వైజర్ సూర్యారావు, ఎంతో మర్యాదగా.

ఆ మంగళవారం కౌసల్య లేచేసరికి పక్క మీద తల్లి లేదు. దుప్పటి మడతల్లో వెతికితే దొరికింది. మూరెడే ఉన్నది. అంతకుముందు రోజు నడుము దాకా ఉన్న మనిషి. కౌసల్యకు ఏడవడానికి కూడా సమయం లేకపోయింది. బస్సు వేళకు జరిపి పెట్టుకున్న అలారం చేతిలో మోగుతున్నది, వాకిట్లో బస్సు హారన్ కొడుతున్నది. తల్లిని, గోలిని, నీళ్ల సీసాను సంచిలో వేసుకుని ఉరికింది.

బస్సులో తల్లిని ఒడిలో నిలబెట్టి పట్టుకున్నది.

"ఈ గోలి నా నోరంత ఉన్నది గదనే!"

"మాట్లాడకు, మింగు."

సీసా మూతతో నీళ్లు పోసి ఎలాగో మింగించింది. బొల్లారం దారిలో గుంత గుంతకూ సత్తెమ్మ నడుము కలుక్కుమన్నది. "పండవెట్టవే, నీ కాళ్లు మొక్కుత."

"పండవెడితే నువ్వు మిగలవే అమ్మా." కౌసల్య పట్టు సడలించలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు, బయటివాళ్లు లోపలికి రావడానికి లేదన్నాడు. సూర్యారావు వచ్చి, సత్తెమ్మను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. లోపల గోలీల పట్టీలు చుట్టే మిషన్ సందులో గోలీలు ఇరుక్కుని లైన్ మొత్తం ఆగి ఉన్నది.

"మీ అమ్మగారు ఆ సందులో పడతారా?"

కౌసల్య తల్లిని కొంగులోకి లాక్కున్నది. "ముసలి పానం సార్. బొక్కలు పుటుక్కుమంటయి."

"అయితే ఇద్దరూ ఇంటికెళ్లండి."

కొంగులోంచి సత్తెమ్మ తల బయటపెట్టింది. "నన్ను దించవే. ఇంటికి వోయి ఏం దింటం, మన్నా?"

ఆనాటి నుంచి తల్లీకూతుళ్లది ఒకటే డ్యూటీ. కూతురికి జీతం. తల్లికి హాజరు లేదు, జీతం లేదు. సూర్యారావు తన ఫోనులో అలారం పెట్టుకున్నాడు. మంగళవారం మోగగానే తానే నీళ్లు తెచ్చి, గోలి వేయించి, అరగంట సేపు ముసలమ్మ వీపుకు చేయి ఆనించి కూర్చుంటాడు. కన్నతల్లికి అంత చేశాడో లేదో. ఇంకా తగ్గితే ఆమె చేయి గోలీలకు అందదని ఆయన భయం.

సత్తెమ్మ తగ్గడం ఆగింది. "చూసినవా, ఫోను ఎంత పనిచేసిందో" అని డాక్టరమ్మ మురిసిపోయింది.

మిషన్ ఇరుక్కున్నప్పుడల్లా తల్లిని సందులోకి దించి, స్విచ్ దగ్గరికి ఎవరినీ రానీయక కౌసల్యే దాని మీద చెయ్యి పెట్టి నిలబడుతుంది. లోపలి ఇనుములోంచి సన్నగా గొంతు వస్తుంది.

"ఆపినవా బిడ్డా?"

"ఆపిన అమ్మా."

"చెయ్యి తియ్యకు."

"తియ్య."