కుర్చీ వెంట ఊరు

యాదవ్వ పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాలుస్తుండగా ఇంటి కప్పు రేకు పగలగొట్టుకుని బండరాయి పడింది. కుడి భుజం నుజ్జయింది. నేను పక్కింట్లోనే ఉన్నాను. జీడిమెట్ల ఫ్యాక్టరీలో నాకు ఆదివారం సెలవు. మా గుట్ట మీద క్వారీ పేలుళ్లకు ఆదివారమూ లేదు, సోమవారమూ లేదు. సాయంత్రానికి జనార్ధన్ మనిషి కొత్త రేకు ఒకటి మోసుకొచ్చాడు. భుజం విరిగిన మనిషికి రేకు పంపాడు మహానుభావుడు! నాకు ఒళ్లు మండిపోయింది.

జనార్ధన్ మా ఊరి ఉపసర్పంచి. షామీర్‌పేట చుట్టుపక్కల ప్లాట్లు అమ్మేదీ అతనే, వాటిలో లేచే ఇళ్లకు కంకర అమ్మేదీ అతనే. సగం గుట్టను అప్పటికే అతని క్రషర్ తినేసింది. మిగతా సగం తవ్వాలంటే గ్రామసభ తీర్మానం కావాలి. సర్పంచి సీటు ఎస్సీ మహిళకు రిజర్వయితే, తన క్వారీలోనే రాళ్లు మోసే వజ్రమ్మను నిలబెట్టి గెలిపించాడు. ఆఫీసు కుర్చీలో అతను కూర్చునేవాడు. ఆమె గడప దగ్గర కూర్చుని, చూపించిన చోట సంతకం పెట్టేది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుండేది ఆమె సర్పంచిగిరీ.

అది 2011 ఫిబ్రవరి. కిరాణా కొట్టు షఫీయుద్దీన్ కూతురు నౌరీన్ కండ్లకోయ హైవే పక్కన ఒక ఆఫీసులో విదేశీ పుస్తకాలు టైపు చేసేది. ఆ నెల ఆమె చేతికి పసిఫిక్ సముద్రంలోని నౌరు అనే చిన్న దేశం వచ్చింది. కిందటేడాది అక్కడి సర్కారు సంగతులన్నీ టైపు చేయాలి. కొట్టు ముందు కూర్చున్న మా వాళ్లు ఆ పేరు వినగానే అది నౌరీన్ దేశమన్నారు, ఆమెను రాణీసాబ్ అని ఆట పట్టించారు. ఎరువు కోసం ఆ దేశం నడుమంతా తవ్వి బొందలు చేశారని ఆమె చెప్పగానే నవ్వులు ఆగిపోయాయి. వాళ్లకూ ఒక జనార్ధన్ ఉన్నాడా అని భుజానికి కట్టుతో కూర్చున్న యాదవ్వ అడిగింది.

“సభల పద్దెనిమిది మంది అవ్వా. తొమ్మిది ఇటు, తొమ్మిది అటు” అంది నౌరీన్. “సభ నడిపే కుర్చీల కూసున్నోని ఓటు లెక్కకు రాదు, వాని దిక్కు ఎనిమిదే అయితరు. గందుకే ఎవ్వరు కూసోనీకె ముందుకు రాలే. ఏడాదిల రెండుసార్లు ఓట్లేసినా, నెలలకు నెలలు పని ఆగింది.”

క్వారీలో పేలుడు మందుకు రాళ్లలో బెజ్జాలు కొట్టే బాలమల్లు ఆ మాట పట్టుకున్నాడు. గుట్ట తీర్మానానికి పెట్టిన గ్రామసభకు మనమూ ఎవరం పోవద్దు, కుర్చీ ఖాళీగా ఉంటే తీర్మానం ఎట్లా అవుతుందన్నాడు. అందరూ సరేనన్నారు. యూనియన్ మీటింగులు ఎన్నో చూసిన నేనూ సరేనన్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న వజ్రమ్మ నోరు విప్పింది.

“ఆడ కుర్చీ ఖాళీ ఉంటే సర్కారు ఆగింది. ఈడ నేను కూసోకుంటెనే గదా పటేల కూసుంటుండు. నాలుగేండ్ల సంది నా కుర్చీ ఖాళీనే. గుట్ట ఆగిందా?”

నాకు సిగ్గేసింది. తర్వాత రెండు రోజులు ఆ కొట్టు ముందే కొట్లాడుకున్నాం. క్రషర్ ఆగితే కూలి పోతుందని కొందరు భయపడ్డారు. గుట్ట అరిగిపోయాక కూలి ఎక్కణ్ణుంచి వస్తుందని యాదవ్వ అడిగింది.

సభనాడు వజ్రమ్మ నేరుగా పంచాయతీ ఆఫీసుకు వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. జనార్ధన్ నవ్వుతూ లేవమన్నాడు.

“మీరు బెంచీ మీద కూసోండ్రి పటేలా” అంది.

అతను ఫోను తీసుకుని బయటికి నడిచాడు. కాసేపటికే పోలీసు జీపు వచ్చింది. ఆమె క్రషర్ గేటుకు తాళం వేసి పని ఆపిందని ఫిర్యాదట, శుద్ధ అబద్ధం. సర్పంచి లేకపోతే ఉపసర్పంచే సభ నడపాలి కదా, అదీ అతని ఎత్తు. వజ్రమ్మను ఎక్కించుకుని జీపు వెళ్లిపోయింది. జనార్ధన్ కండువా సర్దుకుంటూ లోపలికొచ్చాడు.

కుర్చీ లేదు. ఎడమచేత్తో యాదవ్వ, అటువైపు బాలమల్లు దాన్ని పట్టుకుని అప్పటికే రోడ్డెక్కారు.

వాళ్ల వెనక మేమంతా. ఠాణా దాకా మూడు కిలోమీటర్లు. దారిలో కాలేజీ బస్సు దిగిన పిల్లలు కలిశారు, నమాజు ముగించుకుని వస్తున్నవాళ్లు కలిశారు. బయల్దేరేటప్పుడే, ఆఫీసు గడపలో రిజిస్టరు చంకలో పెట్టుకుని దిక్కులు చూస్తున్న పంచాయతీ కార్యదర్శితో, సర్పంచి ఎక్కడుంటే సభ అక్కడే అని చెప్పింది నౌరీన్. అతను జనార్ధన్‌ను చూశాడు, ఊరిని చూశాడు, నడిచాడు.

ఠాణా ముందు కుర్చీ వేశాం. గ్రామసభ ఊళ్లో పెట్టుకోవాలి, ఇక్కడ కాదని ఎస్సై అరిచాడు.

“ఊరు ఈడనే ఉన్నది గద సారూ” అంది యాదవ్వ.

నౌరీన్ రిజిస్టరు తీసుకుని తీర్మానం చదివింది. గుట్ట ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తమంది. ఒక్క చెయ్యీ లేవలేదు. వద్దనేవాళ్లను అడిగితే రోడ్డంతా చేతులే. యాదవ్వ ఎడమచెయ్యి ఎత్తింది. కార్యదర్శి కలం తీసి ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఆగిపోయాడు.

లోపల కిటికీ ఊచల వెనక నుంచి వజ్రమ్మ గొంతు వినిపించింది.

“రాస్కో సారూ. సర్పంచి హాజరు.”

రాశాడు. ఆ కాగితం చెల్లదని జనార్ధన్ కోర్టుకెళ్తానన్నాడు, వెళ్లనీ. వజ్రమ్మ బయటికొచ్చేదాకా ఆ కుర్చీ అక్కణ్ణుంచి కదల్లేదు. మేమూ కదల్లేదు.