చిత్తకార్తెలో చంద్రరావు తోక

ధవళేశ్వరం మెయిన్ రోడ్డు మీద చంద్రరావుగారి బట్టల కొట్టు తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. ముందు నీళ్ళు జల్లుతారు, తర్వాత అగరొత్తి, ఆ తర్వాత అరుగు మీద దర్జీ సత్తియ్య మిషన్ చప్పుడు. కుక్కలు ఎదకొచ్చే చిత్తకార్తె వస్తే వీటికి ఇంకోటి తోడవుతుంది. షావుకారుగారికి తోక మొలుస్తుంది.

మూరెడు తోక. నల్లగా, నిక్కబొడుచుకుని. అబద్ధమైతే బ్యారేజీ గేట్లన్నీ ఒంటి చేత్తో ఎత్తుతాను, ఇదివరకోసారి ఎత్తినవాణ్ణే. కార్తె పోగానే అదే రాలిపోతుంది. బేరానికొచ్చిన లోవమ్మ "ఈ ఏడు పెందలాడే వచ్చిందేంటండి" అనేసి, జాకెట్టు ముక్కలు చూపించమంటుంది. తోక పట్టేలా పంట్లానికి సందు పెట్టేది సత్తియ్యే.

చిక్కల్లా అతనితోనే. చంద్రరావు భార్య రాజరాజేశ్వరి జాకెట్టు కొలతిస్తూ సత్తియ్యతో రెండు మాటలాడి నవ్వుతుంది. ఇంట్లో నవ్వదు. ఆమె నవ్విన ప్రతిసారీ తోక అంగుళం పెరిగేది.

ఈ ఏడు అది చొక్కా కాలరు దాకా పెరిగింది. "రేపట్నుంచి నీ మిషన్ ఇంకెక్కడన్నా పెట్టుకో" అన్నాడు చంద్రరావు.

సత్తియ్య తల వంచుకుని కాజాలు కుడుతూనే ఉన్నాడు. కొట్టు వెనక ఇంటి గుమ్మంలోంచి రాజరాజేశ్వరి అంది: "ఆ మిషన్ కదిలితే నేనూ పట్టిసీమ మా అన్నయ్యింటికి కదులుతాను. పద్నాలుగేళ్ళలో నాతో ఒక్క మంచి మాటాడారా మీరు?"

సంచీ సర్దుకోడానికి లోపలికెళ్ళింది.

అంతలో గోధుమరంగు ఆడకుక్క కొట్టు ముందుకొచ్చింది. వెనకాల మగకుక్కలు. నా లెక్కకి నూట పదహారు; నేనంటే గిట్టనివాళ్ళు తొమ్మిదంటారు. రెండు బలిసినవి చెవులు తెగేలా కరుచుకున్నాయి. గెలిచింది దగ్గరకొస్తే ఆడది కూలబడి పళ్ళు చూపించింది. తర్వాత లేచి, ఓ వారగా నిలబడ్డ కుంటి నల్లకుక్క దగ్గరికెళ్ళి, తోక పక్కకి తీసి కదలకుండా నిలబడింది.

చంద్రరావు కళ్ళప్పగించి చూశాడు. "ఆ కుంటిది చేసిందేంటి?"

"ఏం చెయ్యలేదండి. కరవలేదు, అంతే" అన్నాడు సత్తియ్య.

రాజరాజేశ్వరి సంచీతో వచ్చింది.

"వెళ్తే వెళ్ళు" అంది చంద్రరావు నోరు. వెనక తోక మాత్రం మెల్లగా కిందికి వంగింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ కదలనిది ఇటు ఊగింది, అటు ఊగింది. ఆనక బట్టల తానుల మీద టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. రెండు చేతులతో పట్టుకున్నా ఆగలేదు.

రాజరాజేశ్వరి ఆ తోకకేసి చూసింది. సంచీ కింద పెట్టింది.

"సత్తియ్యా, ఈయన పంట్లానికి ఆ సందు కాస్త వెడల్పు చెయ్యి" అంది. "ఊపుకోడానికి అడ్డొస్తోంది."