గుర్రం వెనక్కి వచ్చిన ఎత్తు

మా బోరు ఎండిపోయిన ఏడాది బాపు మస్కట్‌కు పనికి వెళ్లాడు. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు కార్మికుల క్యాంపు గదిలో ఆయన, కోరుట్లలో నేను, మాట్లాడుకుంటూనే ఫోన్లో చెస్ ఆడతాం.

ఆడడం కన్నా నా పావులను తనిఖీ చేయడమే బాపుకు ఎక్కువ ఇష్టం.

"నీ గుర్రం మొదటి గడిలనే నిలవడ్డది బిడ్డా. ఆడికెల్లి ఎన్ని గడులు కొడ్తది?"

"మూడు."

"నడుమకు తోలితే?"

"ఎనిమిది."

"మరి? ఇంట్ల కూసున్న పావు ఉన్నా లేనట్టే."

ఆ మాటకు నాకు ఒళ్లు మండుతుంది. అమ్మా నేనూ ఇంట్లోనే ఉన్నాం కదా, మేమూ లేనట్టేనా? అందుకే మొండికేసి ఒక గుర్రాన్ని అసలు కదపను. ప్రతిసారీ ఓడిపోతాను.

నిన్న బాపు నడుమ నిలిపిన తన గుర్రాన్ని ఒక ఎత్తు వెనక్కి జరిపాడు. నన్ను బోల్తా కొట్టించడానికే అనుకుని జాగ్రత్తగా బంటును జరిపాను. మరుసటి ఎత్తుకు ఆ గుర్రం మొదట బయలుదేరిన గడికే చేరింది.

"గిదేంది బాపూ? ఆడ ఉంటే లేనట్టే అంటివి గదా!"

అవతల ఎవరో హిందీలో ఎవరినో పిలుస్తున్నారు.

"ఎరుకే బిడ్డా," అన్నాడు. "ఒక్కసారి గట్ల పెట్టి చూస్తున్న."

గెలిచే దారి నాకు కనబడుతూనే ఉంది. కానీ నేను ఎత్తు వేస్తే ఆ గుర్రం మళ్లీ బయలుదేరుతుంది.

ఇంకా వేయలేదు.